నర్సీపట్నమునకు వచ్చిన దొర

రాజులకు చారులే కన్నులని మన పెద్దలు చెప్పుదురు. ఆ కన్నులు కోటగోడలను, శత్రుసేనలను మాత్రమే చూచునవి యని మనము సాధారణముగా తలంతుము. కాని వేగువాని చూపు మొట్టమొదట పడునది వంటయింటిపైననే. ఏ యింట పొయ్యిమీద నెంత బియ్యము పడినది, ఇంటివారికంటె నెక్కువమందికి విస్తళ్లు వేసిరా, రాత్రి రెండవజాములో పొగ యేల లేచినది, ఏ యిల్లాలు వేళగాని వేళ నీళ్లకు బోయినది, ఇవియే వేగువాడు కోరు విశేషములు. అందుచేత వేగు నడపిన యొక ప్రభుత్వోద్యోగి చరిత్రమును స్త్రీల పత్రికలో వ్రాయుట కొందరికి వింతగా దోచినను మాకు వింతగా దోపలేదు.

ఆ యుద్యోగి రూథర్‌ఫర్డు దొర. 1924వ సంవత్సరమున మన్యపు పితూరీ నణచుటకై స్పెషలు కమీషనరుగా నియమింపబడి, అల్లూరి సీతారామరాజుగారిని పట్టుటకు పన్నిన వలను నడపినవాడు. ఇరువది సంవత్సరములు నిండకమునుపే బీహారునకు గవర్నరై, ఘోరక్షామము నడుచుచుండగా బెంగాలునకు తాత్కాలికపు గవర్నరైనవాడును నితడే. ఈ రెండు ఘట్టములను చేర్చి తలంచువారు మనలో తక్కువ. మన్యకథ చెప్పువారు 1924 మే నెలతో నితనిని విడిచివేయుదురు. బెంగాలు కథ చెప్పువారికి నర్సీపట్నముతో పనిలేదు.

నర్సీపట్నము ఆకాలమున విశాఖపట్టణము జిల్లాలోనిది. 2022 ఏప్రిల్ నుండి అనకాపల్లి జిల్లాలో చేరినది. మద్రాసు రైలుమార్గమున ‘నర్సీపట్నం రోడ్డు’ అను స్టేషను గలదు గాని, ఆ పేరు చూచి ఊరు వచ్చినదని మూటలు సర్దుకొనువారు మోసపోవుదురు. అచ్చటినుండి ఊరు చేరుటకు రోడ్డుమీద చాలదూరము పోవలెను. ఊరు దాటినపిమ్మట కొండలు. ఘాటీ నెక్కినచో లంబసింగి, ఆపైన చింతపల్లి, ఇంకొకవైపున కృష్ణదేవిపేట, కొయ్యూరు. మైదానమునకును మన్యమునకును ఈ యూరు గుమ్మమువంటిది. పోలీసులైనను, పటాలమైనను, ఉప్పు చింతపండు వర్తకులైనను ఈ గుమ్మము దాటియే లోనికి బోవలెను. అందుచేతనే 1922 మొదలు రెండేండ్లపాటు ఈ చిన్న పట్టణము సేనానివాసమైనది.

పితూరీకి కారణములు పెక్కులు. 1882నాటి అడవిచట్టము వచ్చినపిమ్మట పోడుసేద్యమునకు కట్టుబాటులు పెరిగెను. పశువులను మేపుటకు, కట్టెలు తెచ్చుటకు, కల్లు గీయుటకు సైతము సర్కారు సెలవు కావలసివచ్చెను. అంతకు పూర్వమే 1879లో రంప దేశమున గొప్ప పితూరీ జరిగినది. కాని కారణములెన్ని యున్నను నిప్పు రాజేయుటకు ఒక చేయి కావలెను గదా. ఆ చేయి గూడెము డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్‌ది. నర్సీపట్నమునుండి చింతపల్లికి లంబసింగి మీదుగా వేయించుచుండిన రోడ్డుపనికి కొండవారిని బలవంతముగా దింపి, న్యాయమైన కూలి యీయక కొట్టించి పనిచేయించెనని ప్రసిద్ధి. ఆరణాల కూలి రావలసినచోట రెండణాలే చేతిలో బెట్టెనని జనులు చెప్పుకొందురు. గాము గంటము దొర, గాము మల్లు దొర యను సోదరులకు అతనితో నేర్పడిన వైరము తరువాత పితూరీకి ఆయువుపట్టైనది. ఆ రోడ్డుమీద రాళ్లు మోసినవారిలో స్త్రీలును గలరని మరువరాదు.

ఈ బాస్టియనే సీతారామరాజుగారినిగూర్చి పైవారికి మొట్టమొదట వేగు పంపినవాడు. కాషాయవస్త్రములు ధరించి, పంచాయతీల మూలమున తగవులు తీర్చుకొనుడని, కల్లు మానుడని కొండవారికి చెప్పుచుండిన యా యువకుడు సహాయనిరాకరణమును ప్రబోధించుచున్నాడని అతని ఫిర్యాదు. 1922 ఆరంభమున రాజుగారిని నర్సీపట్నమునకు రప్పించి, విచారించి, కొంతకాలము పోలీసుల కనిపెట్టులో నుంచిరి. రాజద్రోహమునకు తగిన సాక్ష్యము దొరకలేదు. పిమ్మట పోలవరము డిప్యూటీ కలెక్టరుగానుండిన ఫజులుల్లాఖానుగారు ఆయనయందు గౌరవముగలవాడై పైడిపుట్టలో భూమి నిప్పించి, ఆ కనిపెట్టు తొలగుటకు తోడ్పడెను. ఆ జూను నెలలో నేపాళమునకు తీర్థయాత్ర పోదునని రాజుగారు సెలవడుగగా, ఆ యధికారి సమ్మతించెను.

ఇక్కడ మా యభిప్రాయము చెప్పవలసియున్నది. ఫజులుల్లాఖానుగారు మోసపోయెనని ప్రభుత్వపక్షమువారు వ్రాయుదురు. మాకట్లు తోచదు. ఒకే మనుష్యునిగూర్చి బాస్టియన్ ద్వేషముతో వ్రాసిన కాగితము నొకటి, ఈయన ఆదరముతో వ్రాసిన కాగితము నొకటి, రెండును పై కచేరీకి చేరెను. ద్వేషముతో వ్రాసిన జోస్యమే ఫలించినది. కాని దానిని ఫలింపజేసినది చాలవరకు ఆ ద్వేషమే. రోడ్డుమీద కూలి సరిగా ముట్టియున్నచో ఆ కాగితము ఏ కచేరీ అటకమీదనో చెదలు తినియుండునేమో.

ఆగస్టు 22వ తేదీన చింతపల్లి పోలీసుఠాణా, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి, ఈ విధముగా మూడు దినములలో మూడు ఠాణాలు రాజుగారి దండు వశమాయెను. చేజిక్కిన తుపాకులు ఇరువదియారు; తూటాలు రెండువేలకు పైన. తీసికొన్న వస్తువులకు పట్టీ వ్రాసి చేవ్రాలుచేసి పోయెననుట ఆయన రీతిని తెలుపుచున్నది. ముందుగా కబురుపెట్టి మరీ వచ్చెడివాడనియు, ఆ కబురునకు ‘మిరపకాయ టపా’ యని పేరనియు చెప్పుకొందురు. ఇక నెలకు, అనగా సెప్టెంబరు 24న, దామనపల్లి ఘాటీలో స్కాట్ కవర్డు, హైటరు అను ఇరువురు ఇంగ్లీషు పోలీసు అధికారులు తుపాకిదెబ్బలకు కూలిరి. ముందు నడచిన స్వదేశీయులైన పోలీసులను పోనిచ్చి, వెనుకవచ్చిన దొరలనే గురిచూచి కొట్టిరి. ఆ యధికారుల సమాధులు నర్సీపట్నములో నేటికిని గలవు.

దీనినిబట్టి గ్రహింపవలసినదేమనగా, వేగు సర్కారుకంటె రాజుగారికే బాగుగా నుండెను. పటాలము ఏ దారిని వచ్చుచున్నది, ఎందరు, ముందెవరు, వెనుకెవరు, అంతయు కొండవారి మూలమున ఆయనకు తెలిసెడిది. అడవిలో కట్టెలేరు ముసలిది, వాగువద్ద బట్టలు పిండు కోడలు, సంతకు చింతపండు మోయు పడుచు, వీరిని పోలీసువారు మనుష్యులుగా లెక్కింపనందున వారికన్నియు కనబడెడివి. సర్కారు జీతమిచ్చి పెట్టుకొన్న వేగువారికిమాత్రము అడవి నోరు విప్పలేదు. 1923 ఏప్రిల్ 17న రాజుగారు బహిరంగముగా అన్నవరము వచ్చి, స్వామిని సేవించి, ఒక పత్రికావిలేఖరితో సంభాషించి వెడలిపోయెను. పోలీసులకు వార్త చేరునప్పటికి ఆయన కొండలలో నుండెను. ఆయన తలకు ప్రకటించిన 10,000 రూపాయల బహుమానము ఎవరిని కదల్పలేదు. ఆ దినములలో రెండణాల కూలివారికి పదివేలనగా ఏమో, సంసారము నడుపు మన పాఠకురాండ్రకు వివరింపనక్కరలేదు.

మలబారు స్పెషలు పోలీసులు వచ్చిరి. 1922 డిసెంబరులో పెద్దగడ్డపాలెము వద్ద పితూరీదార్లకు గట్టి నష్టము గలిగెను. 1923 సెప్టెంబరులో మల్లు దొర నడింపాలెమున పట్టుబడెను. 1924 జనవరిలో అస్సాం రైఫిల్సు దళము దిగెను. ఇన్ని చేసినను నాయకుడు చిక్కలేదు. మొత్తము మీద నలబది లక్షల రూపాయలు కర్చయ్యెనని లెక్క చెప్పుదురు. మద్రాసు శాసనసభలో ప్రశ్నలు వచ్చుచుండెను. ప్రభుత్వమునకిది ఖర్చుతోపాటు తలవంపుగా కూడ నుండెను.

అట్టి సమయమున, 1924 ఏప్రిల్ నెలలో, రూథర్‌ఫర్డు వచ్చెను. మద్రాసు సివిలు సర్వీసులోని ఉద్యోగి. వయస్సు నలబదికి లోపుననే. ఇతడు వచ్చినతోడనే రెండుపనులు చేసెను. మొదటిది, తలకొక త్రోవగా నడచుచుండిన పోలీసు, పటాలము, రివిన్యూ శాఖలను ఒక్కచేతిక్రిందికి తెచ్చుట. ఇది కార్యదక్షత. శత్రువైనను ఒప్పుకొనవలెను. రెండవది, పితూరీదార్లను వెదకుట మాని, వారికి అన్నము పెట్టువారిని వెదకుట. ఇచ్చటనే వివాదమంతయు నున్నది.

అడవిలో దాగినవానికి అడవి అన్నము పెట్టదు. ఎవరో ఒక యిల్లాలు వండవలెను. ఆ యిల్లాలిని భయపెట్టినచో అన్నము నిలుచును. అన్నము నిలిచినచో నాయకుడు బయటికి వచ్చును. ఈ యుక్తి క్రొత్తదిగాదు గాని, దీనిని శాస్త్రమువలె నడపినవాడు రూథర్‌ఫర్డు. ముఠాదారులను, గ్రామపెద్దలను రప్పించి, రాజు జాడ చెప్పకున్నచో మీ యూళ్లే బాధ్యతపడవలెనని హెచ్చరించెను. కృష్ణదేవిపేటలో అందరిని సమకూర్చి వారముదినములు గడువు పెట్టెనని మన్యపు జనశ్రుతి. పటాలము గూడెములలో దిగినపుడు మగవారు అడవులు పట్టగా ఇంట మిగిలినవారు స్త్రీలు, పిల్లలు, ముసలివారు. ‘ఎవరికి వండితివి?’ అను ప్రశ్నకు బదులు చెప్పవలసినవారును వారే. వారు చెప్పలేదు. దండించినను రెండేండ్లు చెప్పలేదు. రాజుగారి జీవితముపై గ్రంథములు, నాటకములు, చలనచిత్రము వచ్చినవి. ఆయనకు రహస్యముగా సంకటి పోసిన యొక్క యిల్లాలి పేరైనను వానిలో ప్రసిద్ధికి రాలేదు. బాస్టియన్ పేరు మాత్రము అందరకు తెలియును. చరిత్రకు సిగ్గుండవలెను.

ఏప్రిల్‌లో వచ్చిన దొర పని మే మొదటివారములో ముగిసినది. మే 6వ తేదీన పోరులో రాజుగారి ముఖ్యానుచరుడు అగ్గిరాజు గాయపడి పట్టుబడెను. మరునాడు, 1924 మే 7న, మంప గ్రామము చెంత రాజుగారు పట్టుబడిరి. ఎట్లు పట్టుబడిరనుట నేటికిని తెగని తగవు. ప్రభుత్వకథనము ప్రకారము కుంచుమేనోను అను జమేదారుని జట్టు ఆయనను కనిపెట్టి పట్టినది. మన్యపు ప్రజల కథనము ప్రకారము, తన నిమిత్తము ఊళ్లు పడు బాధ చూడజాలక ఆయనయే కబురంపి చిక్కెను. మొదటిది నిజమైనచో దొరగారి వేగు గెలిచినది. రెండవది నిజమైనచో గెలిచినది వేగు గాదు, హింస. కచేరీ కాగితములలో రెండును ఒక్కటే వరుసలో ‘జయము’ అని పడును.

పిమ్మట జరిగినదియు నట్టిదే. కొయ్యూరున మేజరు గుడాలు శిబిరమునకు గొనిపోగా, ఖైదీ పారిపోవ యత్నించెననియు అందుచే కాల్చిరనియు ప్రభుత్వము ప్రకటించెను. చెట్టునకు గట్టి విచారణలేకుండ కాల్చిరని దేశము నమ్మినది. చుట్టును సాయుధులైన సిపాయీలుండగా నొంటివాడు పారిపోజూచెననుట నమ్మశక్యమా యని నాటి పత్రికలవలెనే మేమును అడుగుచున్నాము. ఆయనను న్యాయస్థానమునకు దెచ్చియున్నచో బాస్టియన్ రోడ్డు, రెండణాల కూలి, గూడెములలో జరిగిన దండనలు సాక్షుల నోట వెలువడియుండెడివి. ఆ యవకాశము ఒక్క తుపాకిగుండుతో తీరిపోయెను.

శవమునకు ఛాయాచిత్రము తీయించి గుర్తుపట్టించి కృష్ణదేవిపేటలో దహనము చేసిరి. రాజుగారి తండ్రి వెంకటరామరాజుగారు ఛాయాచిత్రములు తీయు వృత్తిలోనివారు. కుమారుడు బాలుడై యుండగానే గతించిరి. ఆ బిడ్డను పెంచి పెద్దజేసినది తల్లి సూర్యనారాయణమ్మగారు. ఇరువదియేడేండ్లు నిండని కుమారుని మరణవార్తను ఆ తల్లి వినవలసివచ్చెను. జూను 7న గంటము దొర కూడ కాల్పులలో మరణించెను. పితూరీ ముగిసినదని సర్కారు ప్రకటించుకొనెను.

రూథర్‌ఫర్డు ఉద్యోగము ఇక మెట్టుమీద మెట్టుగా సాగెను. 1939లో మద్రాసున కాంగ్రెసు మంత్రివర్గము రాజీనామా యిచ్చినపిమ్మట, గవర్నరుకు సలహాదారులుగా నుండి రాజ్యము నడిపిన సివిలు ఉద్యోగులలో నితడొకడు. సర్ బిరుదము వచ్చెను. 1943లో బీహారు గవర్నరయ్యెను. ఆ యేడు సెప్టెంబరు 6న, బెంగాలు గవర్నరు హెర్బర్టు దొర జబ్బుపడగా, తాత్కాలికముగా ఆ పదవిని వహింపుమని ఇతనిని కలకత్తా పంపిరి.

అప్పటి బెంగాలు స్థితి మన పాఠకురాండ్రకు కొంత చెప్పవలెను. 1942లో బర్మా జపానువారి వశమై అచ్చటి బియ్యము రాక ఆగెను. అక్టోబరులో మేదినీపురమున తుపాను పైరును ఊడ్చివేసెను. జపానువారికి దొరకరాదని తీరప్రాంతముల పడవలను, బియ్యమును సర్కారే తొలగించెను. ఆ యేడు డిసెంబరులో మణుగు 13, 14 రూపాయలకు దొరకిన బియ్యము మరుసటి మే నాటికి 30 దాటెను. (వారి మణుగు మన చిన్న మణుగు గాదు, నలబది సేర్లది.) పల్లెజనులు గిన్నెలు, నగలు, గుడిసెలు, చివరకు తలుపులు అమ్ముకొని కలకత్తా వీథులకు చేరి, అన్నము గాదు, గంజినీరు చాలునని వాకిళ్ల ముందర అడుగుచు ప్రాణములు విడిచిరి. ఇంత జరుగుచున్నను ప్రభుత్వము కరవని నోరు తెరచి చెప్పలేదు. ఆగస్టు నెలలో ‘స్టేట్స్‌మన్’ పత్రిక వీథులలోని శవముల చిత్రములను ప్రకటించినపుడే లోకమునకు సంగతి తెలిసినది.

రూథర్‌ఫర్డు ఇట్టి సమయమున గద్దెనెక్కెను. కరవు సంభవించినపుడు ప్రభుత్వము చేయవలసిన పనులను, తలకింత యని యీయవలసిన తిండిని నిర్ణయించు కరవుచట్టము ఒకటి అప్పటికే చిరకాలమునుండి గలదు. దానిని అమలుపెట్టవలెనన్నచో ముందు కరవని ప్రకటింపవలెను. ప్రకటించినచో చట్టప్రకారము తిండి పెట్టవలెను; పెట్టుటకు మావద్ద ధాన్యము లేదు; కావున ప్రకటింపలేదు. అక్టోబరు మొదటిదినములలో వైస్రాయికి రూథర్‌ఫర్డు ఇచ్చిన సమాధానసారాంశమిది. ఈ వాక్యములను మేము పలుమారులు తలపోసితిమి. మన్యములో ఏ గుడిసెలో ఎన్ని గిన్నెల సంకటి అదనముగా కాగినదో కనిపెట్టుటకు లక్షలు దొరకినవి, పటాలములు దొరకినవి, ఒక్క నెలలో ఫలితము దొరకినది. ఇచ్చట పొయ్యి రాజుకొనని లక్షలాది యిండ్లను కనిపెట్టుటకు వేగువాడే యక్కరలేదు. గవర్నరు బంగళా కిటికీ తెరచిన చాలును.

న్యాయమునకు ఒక మాట చెప్పవలెను. కరవు ఇతడు కలిగించినది కాదు. యుద్ధము, ఢిల్లీ, లండను, లాభమునకు ధాన్యము దాచిన వర్తకులు, పూర్వపు మంత్రులు, అందరి పాపమును కలిసినది. ఇతడు వచ్చిన నాటికే జనులు వేనవేలుగా మరణించుచుండిరి. అక్టోబరు చివర క్రొత్త వైస్రాయి వేవెలు స్వయముగా కలకత్తా వచ్చి చూచి, ధాన్యము పల్లెలకు చేర్చుటకు సైన్యమును నియోగించెను. రూథర్‌ఫర్డు పని వేవెలునకు తృప్తి కలిగింపలేదు. 1944 జనవరి 22న ఆస్ట్రేలియావాడైన కేసీకి బెంగాలును అప్పగించి ఇతడు మరల బీహారు చేరెను. క్షామమునందును, వెంటవచ్చిన మలేరియా మొదలగు వ్యాధులయందును మరణించినవారు పదునైదు లక్షలని 1945నాటి విచారణసంఘము అంచనా వేసినది. ముప్పది లక్షలవరకు నుందురని తరువాతి పండితులు లెక్కగట్టిరి. ఏ లెక్క యైనను, ముందుగా పోయినవారు పిల్లలు. ఇంట నున్న పిడికెడు మెతుకులను ఎవరికి పెట్టవలెనో నిర్ణయింపవలసినవారు తల్లులు.

ఇతనిని సమర్థించువారు, దుర్లభమైన పనులను ఏదోవిధముగా ముగించిన కార్యశూరుడందురు. ముగించిన పని ఒక్కటే, అది మన్యములోనిది. మనుష్యుని పట్టుటకు పనికివచ్చిన నేర్పు మనుష్యునకు అన్నము పెట్టుటకు పనికిరాలేదు. అతడు ఉద్యోగములో నేర్చిన విద్యయే అట్టిది. ఆ విద్య నేర్పిన ప్రభుత్వమునకు అతనికంటె నెక్కువ బాధ్యత గలదని మా తలంపు. అయినను కొయ్యూరు తుపాకిమోతకు అతడు బాధ్యుడుకాడని మాత్రము మేమనజాలము. ఆ మన్యమున నాడు సర్వాధికారి అతడే.

1946లో రూథర్‌ఫర్డు బీహారు పదవిని విడిచెను. మరుసటి యేడు ఇంగ్లీషు ప్రభుత్వమే దేశమును విడిచెను. నడింపాలెమున పట్టుబడి ద్వీపాంతరశిక్ష ననుభవించిన గాము మల్లు దొర బ్రతికి తిరిగివచ్చెను. 1952లో జరిగిన మొదటి సామాన్యపు ఎన్నికలలో విశాఖపట్టణము నియోజకవర్గమునుండి స్వతంత్ర సభ్యుడుగా, లంకా సుందరముగారితో కూడ ఎన్నికై, లోకసభలో కూర్చుండుటకు ఢిల్లీ వెళ్లెను.